గుంట పూడ్చి వెళ్లే ఇద్దరు, పాట దాచుకున్న పాప: ఏళ్లుగా మా ఇంట్లో ఉన్న రెండు కథలు

మా మామయ్యది సైదాపురం వైపు పల్లె. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, “అమ్మాయ్, ఆ మిషనోళ్ల కత పెట్టు” అంటారు. మిషనోళ్లంటే ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేలల్లో అటూ ఇటూ నడిచే ఇద్దరు మగవాళ్లు. ఆండీ, లాన్స్. ఆ సీరియల్ పేరు ‘డిటెక్టరిస్ట్స్’. 2019 వేసవి సెలవుల్లో మొదటిసారి చూశాను. మొదలు నుంచి చివరిదాకా నాలుగుసార్లు అయింది, అయిదోసారి నడుస్తోంది. దానికి తోడు మా పిల్లలు మాటలతో సహా బట్టీ పట్టిన బొమ్మల సినిమా ఒకటి ఉంది, ‘సాంగ్ ఆఫ్ ది సీ’. ఒకసారి చూసి పక్కన పెట్టిన వాటి గురించి రాయాలనిపించదు నాకు. ఇవి రెండూ మా ఇంట్లో మంచి రోజులూ చూశాయి, చెడ్డ రోజులూ చూశాయి. ఇక్కడ మన నెల్లూరులో నాకు తెలిసినవాళ్లలో వీటి పేరు విన్నవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

ముందు సీరియల్ సంగతి. బీబీసీ ఫోర్ అనే ఛానల్లో 2014లో మొదలైంది. 2015లో రెండో భాగం, 2017లో మూడో భాగం వచ్చాయి. భాగానికి ఆరేసి ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట. 2015 క్రిస్మస్‌కు ఒకటి, మళ్లీ 2022 చివర్లో గంటకు పైగా నడిచే ఒకటి, ప్రత్యేకంగా తీశారు. అంతే, అయిపోయింది. వందల ఎపిసోడ్లకు సాగదీయలేదు. రాసిందీ తీసిందీ మెకంజీ క్రుక్. ఆండీగా నటించిందీ ఆయనే. లాన్స్‌గా టోబీ జోన్స్. హ్యారీ పాటర్ సినిమాల్లో డాబీకి గొంతు ఇచ్చింది ఈయనే అని చెబితే మా పెద్దాడు నమ్మలేదు, కళ్లు మూసుకుని ఆ గొంతు మళ్లీ విన్నాడు. 2015లో బ్రిటన్‌లో హాస్య ధారావాహికకు ఇచ్చే బాఫ్టా బహుమతి దీనికే వచ్చింది. అంత వచ్చినా మన దగ్గర దీని మాట ఎత్తేవాళ్లు లేరు.

కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. ఎసెక్స్ ప్రాంతంలో డేన్‌బరీ అనే కల్పిత ఊరు. ఆండీ చదువుతున్నది పురావస్తు శాస్త్రం, బతుకుతెరువు మాత్రం దొరికిన రోజున దొరికిన కూలి పని. లాన్స్ కూరగాయల గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. విడిచి వెళ్లిన పెళ్లాం మీద ఇంకా ప్రాణం పెట్టుకుని ఉంటాడు. తీరిక దొరికితే ఇద్దరూ చేలకు పోతారు. ఏనాడో శాక్సన్లనే పాతకాలపు జాతి రాజును ఒకరిని ఓడతో సహా అక్కడే పూడ్చారని వాళ్ల నమ్మకం. రోజంతా వెతికితే దొరికేది ఏంటంటే కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు, గుండీలు, పిల్లలు పారేసుకున్న బొమ్మ కారు. సాయంత్రం ఒక చెట్టు కింద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్నది తింటూ, రాత్రి టీవీలో వచ్చిన క్విజ్ గురించి మాట్లాడుకుంటారు. మళ్లీ లేచి నడుస్తారు.

ఇందులో నవ్వడానికి ఏముంది అని మా ఆయన మొదటి రోజే అడిగారు. నవ్వు తన్నుకురాదు. పక్కన వచ్చి కూర్చుంటుంది. వాళ్ల క్లబ్బు పెద్ద టెర్రీ, రిటైరైన పోలీసు, ఆ ప్రాంతపు మామూలు గుండీల మీద ఏకంగా పుస్తకం రాసిన మనిషి. హాల్లో వేసిన కుర్చీల్లో సగం ఖాళీ. ఉన్న నలుగురికీ ఆయన గుండీల గురించి ఉపన్యాసం ఇస్తుంటే వాళ్లు నోట్సు రాసుకుంటారు. వేరే ఎవరైనా తీసి ఉంటే ఆయన్ని ఎగతాళి చేసి వదిలిపెట్టేవాళ్లు. ఇక్కడ అట్లా లేదు. గుండీ కూడా ఒకప్పుడు ఎవరో వేసుకున్న చొక్కాదే కదా అని, పది ఎపిసోడ్లు పోయాక మనకే తోస్తుంది. మా స్కూల్లో ఒక సారు ఉండేవారు, పాత పోస్టల్ స్టాంపులు అట్టల మీద అంటించి వరండాలో పెట్టేవారు. పిల్లలు అటు చూడకుండా ఆటస్థలానికి పరుగెత్తేవాళ్లు. నేనూ ఆగి చూసింది తక్కువే. ఈ సీరియల్ రెండోసారి చూసినప్పుడు ఆయన గుర్తొచ్చి ఫోన్ చేశాను. గంటసేపు మాట్లాడారు.

మామయ్య దీంట్లోకి ఎట్టా వచ్చారో చెప్పాలి. 2020 నవంబరులో అత్తయ్య పోయారు. పల్లెలో ఒంటరిగా వద్దని మామయ్యను నెల్లూరు తెచ్చుకున్నాం. వచ్చారు గానీ మాట లేదు. పేపరు చేతిలో పెడితే పట్టుకునేవారు, చదివేవారు కాదు. పిల్లలు “తాతా” అని మీద పడితే తల నిమిరి ఊరుకునేవారు. ఒక రాత్రి వంట సర్దుకుని నా పాటికి నేను ఈ సీరియల్ పెట్టుకుని కూర్చున్నాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారని నాకు తెలియదు. తెర మీద లాన్స్ గుంట తవ్వాడు, ఏదో రేకు ముక్క దొరికింది, జేబులో వేసుకున్నాడు. తర్వాత మట్టి మళ్లీ గుంటలోకి తోసి, గడ్డి పెళ్లను పైన సరిగ్గా పరిచి, కాలితో అదిమాడు.

“పూడ్చి పోతాండాడే!” అన్నారు మామయ్య.

ఆ వారంలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి మాట అదే. అందులో ఎందుకంత ఆశ్చర్యమో మా పల్లె సంగతి తెలిస్తే అర్థమవుతుంది. ఊరి వెనక ఒక పాత శివాలయం ఉంది, కప్పు కూలి, గోడల్లో రావి మొలిచి. చాలా ఏళ్ల కిందట ఒక అమావాస్య రాత్రి ఎవరో గుప్తనిధుల కోసమని నందిని పక్కకు దొర్లించి, కింద నిలువెత్తు గొయ్యి తవ్వి పోయారు. నిమ్మకాయలు, పసుపు కుంకుమ, ఆరిపోయిన వత్తులు అక్కడే పడేసి ఉన్నాయి. తెల్లారి మామయ్య, ఇంకో ఇద్దరు రైతులు కలిసి ఆ గొయ్యి పూడ్చి, నందిని మోకులు కట్టి లాగి నిలబెట్టారు. ఒక చెవి విరిగిపోయింది. ఆ చెవి ముక్క మామయ్య ఇంట్లో దేవుడి గూట్లో చాలా కాలం ఉండేది. మన జిల్లాల్లో, అటు ఉదయగిరి కొండ వైపైనా ఇటు ప్రకాశం మెట్టలోనైనా, పాడుబడిన గుడి ఉన్న ఊళ్లో లంకెబిందెల మాట వినపడని ఇల్లు ఉండదు. ఆ మాట వెంటే గునపాలు వస్తాయి.

అందుకే ఈ సీరియల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ గుంట పూడ్చడం. రైతు దగ్గర అనుమతి అడగనిదే చేలో అడుగు పెట్టరు. దొరికినది ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసుకుంటారు. వస్తువు కన్నా అది పడి ఉన్న చోటు ముఖ్యమని ఆండీ నేర్చుకుంటూ ఉంటాడు. పదో తరగతికి చరిత్ర చెప్పేదాన్ని, ఈ ఒక్క సంగతి పిల్లలకు ఎక్కించడానికి నేను పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. కుండను చోటు నుంచి పెకలించి తీసుకెళితే మిగిలేది కుండ మాత్రమే. దాని కథ మట్టిలోనే పోతుంది.

ఇదే పాఠం మన నెల్లూరు నేల మీదే జరిగింది, సీరియల్ చూశాక క్లాసులో దాన్ని కూడా కలిపి చెప్పడం మొదలుపెట్టాను. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల గుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, వాటి కింద ఒక కుండ. ఆ కుండ నిండా రోమను బంగారు నాణేలు, రెండో శతాబ్దానివి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణి బొమ్మ ఉన్నవి. పాపం ఆ రైతు పాత బంగారం లెక్కన అమ్మేశాడు, చాలావాటిని కరిగించేశారు. ముప్ఫై చిల్లర మాత్రం దక్కాయి. మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటి గురించి ఉత్తరం రాయబట్టి ఈ మాత్రం మనకు తెలిసింది. కొన్ని నిన్న టంకసాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట, కొన్నిటికి చిల్లులు ఉన్నాయట, నగలుగా వేసుకున్నట్టు. ఆ చిల్లుల మాట చెప్పగానే క్లాసులో ఆడపిల్లలు “కాసులపేరు, మిస్!” అని అరిచారు. రోము రాజు ముఖం నెల్లూరు ఆడమనిషి మెడలో ఊగి ఉంటుందన్న ఊహ ఆ రోజంతా నన్ను వదల్లేదు. ఆ గుడి ఎవరిదో, కుండను ఎవరు, ఏ భయంతో అక్కడ పెట్టారో చెప్పగలిగిన మట్టి ఆ రోజే చెదిరిపోయింది.

ఇంకో మాట. ఇది చూసి ఎవరికైనా మిషను కొని పొలాల మీద పడాలనిపిస్తే, ఆగండి. మన దగ్గర 1878 నాటి చట్టం ఇంకా ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత కట్టడాల చుట్టుపక్కల తవ్వడం నేరం. ఇంగ్లండులో వాళ్లకు 1996 నాటి చట్టం ఉంది, తెలియజేసినవాడికీ నేల యజమానికీ ప్రతిఫలం దక్కే ఏర్పాటు ఉంది. సీరియల్లో ఆ లెక్కలన్నీ మాటల మధ్యలో వస్తుంటాయి.

మూడో భాగం మొదటి ఎపిసోడ్ చివర ఒక దృశ్యం ఉంది. ఆండీకి మట్టిలో పాత ఈల ఒకటి దొరుకుతుంది. తుడిచి ఊదుతాడు. ఆ శబ్దంతో చేను వెనక్కి పోవడం మొదలుపెడుతుంది. అదే చెట్టు, అదే గట్టు, మనుషులు మాత్రం మారుతుంటారు, వందల ఏళ్ల కిందటి వాళ్లు. వెనక ఒక పాట. ఒక్క మాట ఉండదు. ఆ రెండు మూడు నిమిషాల్లో చరిత్ర పుస్తకం యాభై పేజీల్లో చెప్పలేనిది చెప్పేశాడు. మొదటిసారి చూసినప్పుడు నేను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాను. మామయ్య చూసినప్పుడు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, తమ చిన్నప్పుడు సైదాపురం చేలల్లో అభ్రకం రేకులు ఎండకు ఎట్లా మెరిసేవో, వాటిని వెండి అనుకుని నిక్కరు జేబుల్లో నింపుకుని ఎట్లా తిరిగేవాళ్లో, గనుల్లో పనికి పోయి వచ్చేవాళ్ల ఒళ్లంతా సాయంత్రం తళతళలాడుతూ ఎట్లా ఉండేదో, గంటసేపు మా పెద్దాడికి చెప్పారు. వాడు హోంవర్కు మానేసి విన్నాడు. నేను ఏమీ అనలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి రెండు ఎపిసోడ్లు చాలా నిదానం. మా చెల్లెలు మొదటిది చూసి, “ఏందక్కా, ఏమీ జరగలా” అని వదిలేసింది. మూడోదాకా ఓపిక పట్టమని బతిమాలాను. ఇప్పుడు తనే రెండోసారి చూస్తోంది. వాళ్ల యాస మనకు పట్టుబడదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోవాల్సిందే. నేను చూసినదాంట్లో తెలుగు లేదు. మామయ్యకు పక్కన కూర్చుని నేను చెబుతాను, సగం మాటలకు ఆయనకు నా సాయం అక్కర్లేదు కూడా. పబ్బులో బీరు తాగుతూ మాట్లాడుకునేవి చాలా ఉంటాయి, అక్కడక్కడా పెద్దవాళ్ల మాటలు దొర్లుతాయి, కాబట్టి పదో తరగతి లోపు పిల్లల ముందు ముందుగా ఒకసారి చూసుకుని పెట్టడం మేలు. రెండో భాగంలో ఒక జర్మన్ యువకుడి కథ వస్తుంది, అది నాకు మిగతావాటంత బిగువుగా అనిపించలేదు. ఆడవాళ్ల పాత్రల్లో ఆండీ సహచరి బెకీ బాగుంటుంది, టీచరు, గట్టిది, సరదాగా ఉంటుంది. ఆ వేషం వేసిన రేచల్ స్టర్లింగ్‌కు తెర మీద తల్లిగా నటించింది డయానా రిగ్, నిజజీవితంలోనూ ఆమె కన్నతల్లే. ఆ తల్లీకూతుళ్ల సన్నివేశాలు ఇంకా ఎక్కువ ఉండాల్సింది.

బొమ్మల సినిమాకు వస్తాను. ‘సాంగ్ ఆఫ్ ది సీ’ 2014లో వచ్చింది. ఐర్లండులో కిల్‌కెన్నీ అనే ఊళ్లో ఉన్న కార్టూన్ సెలూన్ వాళ్లు తీశారు, దర్శకుడు టామ్ మూర్. ఆస్కార్ పోటీలో చివరి జాబితాలో నిలిచింది, బహుమతి ‘బిగ్ హీరో 6’కు పోయింది. ఆ రెండో సినిమా మన పిల్లలందరికీ తెలుసు. గంటన్నర సినిమా. చేత్తో గీసిన బొమ్మలు. కొండరాళ్ల మీద చుట్టలు చుట్టలుగా పాతకాలపు గీతలు, నీటిరంగులు వేసినట్టున్న సముద్రం. నిగనిగలాడే కంప్యూటర్ బొమ్మలకు అలవాటైన మా చిన్నది మొదట “పుస్తకంలో బొమ్మల్లా ఉన్నాయి” అంది. పది నిమిషాల్లో నా ఒళ్లోకి ఎక్కి కూర్చుంది.

దీవి మీద లైట్‌హౌస్. కాపలాదారు కోనర్, అతని కొడుకు బెన్, కూతురు సీర్షా. సీర్షాకు ఆరేళ్లు నిండుతున్నా నోట మాట లేదు. ఆమె పుట్టిన రాత్రే తల్లి మాయమైంది. చెల్లెలి వల్లే అమ్మ పోయిందని బెన్‌కు లోపల కోపం. వాళ్ల అమ్మ ఐరిష్ జానపద కథల్లోని సెల్కీ. సముద్రంలో సీల్ అనే నీటి జంతువు, నేల మీద మనిషి, ఒంటి మీద తొడుక్కునే కోటు ఉంటేనే ప్రాణం. అదే సీర్షాకూ వచ్చింది. ఆ కోటును తండ్రి భయంతో పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నాయనమ్మ వచ్చి పిల్లల్ని పట్నం తీసుకుపోతుంది. అక్కడి నుంచి ఇంటికి తిరిగి రావడానికి బెన్ తను గీసుకున్న మ్యాపు పట్టుకుని బయల్దేరతాడు. అంతకు మించి చెప్పను.

దీన్ని నేను ఇన్నిసార్లు చూడగలగడానికి కారణం మాకా. గుడ్లగూబల మంత్రగత్తె. మామూలు కథల్లో ఇట్లాంటి పాత్ర చెడ్డది, చివర్లో చావాలి. ఈమె కొడుకు మాక్ లీర్ మహాకాయుడు. దుఃఖం ఆపుకోలేక ఏడ్చాడు, ఆ కన్నీళ్లకు లోకం మునిగిపోతుందేమోనని తల్లి భయపడింది. కొడుకు బాధ చూడలేక ఆ బాధను అతని నుంచి తీసేసింది, అతను రాయైపోయాడు. అప్పటి నుంచి అందరి దుఃఖాలూ తీసి సీసాల్లో బిగించి దాస్తుంది. తనలో ఉన్నదీ తీసుకుంటూ పోతే ఆమె ఒళ్లే సగం రాయైంది. ప్రేమతోనే చేసింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు “ఏడవమాక, ఊరుకో” అనేది కూడా ప్రేమతోనే. ఇంకో సంగతి మా పెద్దాడు పట్టాడు. మాకాకూ, నాయనమ్మకూ గొంతు ఇచ్చింది ఒకే మనిషి, ఫియనూలా ఫ్లానగన్. కోనర్‌కూ, రాయైన మాక్ లీర్‌కూ బ్రెండన్ గ్లీసన్. తెలిశాక మళ్లీ చూస్తే సినిమా మొత్తం వేరేగా కనపడింది. పైన నడిచేది ఒక ఇంటి కథ, కింద పాతకాలపు కథ, రెండిటిలో మనుషులూ వాళ్లే.

2021 సంక్రాంతి సెలవుల్లో ఇది మొదటిసారి పెట్టాం. అత్తయ్య పోయి రెండు నెలలు. నాకు కథ ముందు తెలియదు, తెలిస్తే ఆ పండక్కి పెట్టేదాన్ని కాదేమో. కోనర్ పెట్టెకు తాళం వేసి సముద్రంలోకి విసిరేసే చోట మామయ్య లేచి బయటికి వెళ్లిపోయారు. అరుగు మీద కూర్చున్నారు. నేను వెంట పోలేదు, మా ఆయన్నీ పోనీయలేదు. అత్తయ్య చీరలున్న బీరువా పల్లె నుంచి తెచ్చి ఆయన గదిలోనే పెట్టాం. దాని తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉండేది. చిన్నది ఒకటి రెండుసార్లు “అవ్వ శాలువా కావాలి” అని ఏడిస్తే కసిరారు, ఎప్పుడూ ఎవర్నీ కసరని మనిషి.

పిల్లలు ఆ సినిమా మళ్లీ మళ్లీ అడిగారు. నాలుగోసారో అయిదోసారో ఆయన కూడా కుర్చీ లాక్కుని చివరిదాకా కూర్చున్నారు. ఆ రాత్రి నేను గిన్నెలు తోముతుంటే వంటింట్లోకి వచ్చి, తాళంచెవి గట్టు మీద పెట్టారు.

“చిన్నదానికి మీ అత్తయ్య శాలువా ఏదో కావాలంట. అడుగున ఉండాది, మడతల్లో కలరా ఉండలు పెట్టినా. చూసి తియ్యమ్మా.”

ఒక బొమ్మల సినిమా వల్లే ఇదంతా అయిందని నేను అనను. నెలలు గడిచాయి, పిల్లలు ఉన్నారు, మామయ్య మనసులో ఏం నడిచిందో ఆయనకే తెలుసు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ శాలువా ఇప్పటికీ చిన్నది వర్షం వస్తే కప్పుకుని సోఫాలో సీర్షా అయిపోతుంది.

ఈ కథ టామ్ మూర్‌కు తట్టిన తీరు కూడా మన తీరానికి దగ్గరగా ఉంది. కొడుకుతో కలిసి ఐర్లండు పడమటి తీరానికి సెలవులకు వెళితే, ఒడ్డున చచ్చిపడిన సీళ్లు కనిపించాయట. చేపలు తగ్గిపోతున్నాయని సీళ్ల మీద కోపంతో చంపేశారని అక్కడివాళ్లు చెప్పారట. ఒకప్పుడు సీల్ అంటే సముద్రంలో పోయినవాళ్ల ఆత్మ అనుకునే జనం, ఆ కథలు మరిచాక, దాని మీద చెయ్యి ఎత్తగలిగారు. ఇది తెలుసుకున్న ఏడాదే, ఫిబ్రవరిలో, మైపాడు బీచికి వెళ్లాం. అలల అంచున ఆలివ్ రిడ్లీ తాబేలు చచ్చి పడి ఉంది, డొప్ప మీద ఇసుక. కొంచెం దూరంలో ఇంకోటి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలంలో మరపడవల వలల్లో చిక్కి, ఊపిరాడక పోతాయి. తాబేలు తప్పించుకునేలా వలకు అమర్చే పరికరం ఉంది, దాన్ని బిగించే పడవలు ఇంకా పెరగాలి. అక్కడ వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకరు, “కూర్మావతారం తల్లీ అది. మా నాయన కాలంలో వలలో పడితే దండం పెట్టి, పసుపు పూసి విడిచేవాళ్లు” అన్నారు. చిన్నది ఆయన్ని అడిగింది, ఆ తాబేలుకు కోటు ఎవరు తీసేశారని. ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను, మొత్తం కథ, ఇసుకలో కూర్చుని. వల పక్కన పెట్టి విన్నారు. తర్వాత ఆయనే పార తెచ్చి, ఆ రెండిటినీ పైకి లాగి ఇసుకలో పూడ్చారు.

సినిమాలో ఇబ్బందులు చెప్పాలంటే, ఐరిష్ పేర్లు నోరు తిరగవు. బెన్ కుక్క పేరు ‘కూ’ ఒక్కటే పిల్లలకు వెంటనే వచ్చింది. మధ్యలో కొద్దిసేపు జానపద పాత్రలు వరసగా వచ్చిపడతాయి, ఎవరు ఎవరో చెప్పరు. ఒంటి నిండా పెరిగిన జుట్టులో వెంట్రుకకు ఒక కథ దాచుకున్న ముసలాయన దృశ్యం మాత్రం వదలకండి, అక్కడే వెనకటి కథ అంతా ఉంది. గుడ్లగూబలు తరుముకొచ్చే చోట మరీ చిన్న పిల్లలు జడుసుకుంటారు. మా చిన్నది అప్పుడు నాలుగేళ్లది, ఆ రాత్రి దీపం ఆర్పనివ్వలేదు. తల్లినో తండ్రినో ఈమధ్యే పోగొట్టుకున్న పిల్లలుంటే మీరు ముందుగా ఒంటరిగా చూసి, తర్వాత పక్కన కూర్చుని చూపించండి. వాళ్ల చేతికిచ్చి మీరు వంటింట్లోకి పోయే సినిమా కాదు. పాటలు బ్రూనో కూలే, కీలా అనే ఐరిష్ బృందం కలిసి చేశారు. అమ్మ పాడే పాట మా ఇంట్లో మాటలు రాకపోయినా అందరికీ వచ్చు.

రెండూ ఎక్కడ దొరుకుతాయంటే, ఏడాదికొక చోటికి మారుతుంటాయి, పేరు పెట్టి వెతుక్కోండి. సీరియల్ రాత్రికి ఒకటి చొప్పున చూడండి, ఒక్క ఆదివారం కూర్చుని మొత్తం చూసేయకండి. నేను మొదటిసారి ఆ తప్పే చేశాను, అన్నీ కలిసిపోయి చెట్టు కింద మాటల రుచే తెలియలేదు. 2022లో వచ్చిన ఆఖరిదాన్ని మూడు భాగాలూ అయ్యాకే పెట్టుకోండి, ముందు చూస్తే దాని బరువు అందదు. సినిమాకు సెలవు రోజు మధ్యాహ్నం, కిటికీ తెరలు వేసి, వాన పడుతుంటే ఇంకా మంచిది.

పోయిన నెల ఆ ఈల దృశ్యం మళ్లీ వచ్చింది. మర్నాడు చిన్నది స్టీలు డబ్బా ఒకటి అడిగి తీసుకుంది. అందులో ఏం పెట్టిందో కొంత తెలుసు. అయిదు రూపాయల బిళ్ల, అవ్వ పగిలిన గాజు ముక్క, మామయ్య ఇచ్చిన అభ్రకం రేకు, తేదీ రాసిన కాగితం. తాతా మనవరాలూ పెరట్లోకి పోయారు, చిన్న గడ్డపార తీసుకుని. అరగంటకు చేతులకు మట్టితో లోపలికి వచ్చారు. నేను పోయి చూశాను. జామచెట్టు నుంచి ప్రహరీ దాకా ఎక్కడా తవ్విన గుర్తే లేదు, గడ్డి గడ్డిలాగే ఉంది. ఎక్కడ పెట్టారో చిన్నది నాకు చెప్పలేదు. మామయ్యను అడిగితే నవ్వారు.